రన్‌వే అవతలి బావి

బళ్ళారి వెళ్ళి వచ్చామని చెబితే మా రాజమండ్రిలో అందరూ మొదట అడిగింది హంపి చూశారా అని. చూడలేదు. అంత దగ్గరదాకా వెళ్ళి హంపి చూడకుండా వచ్చినందుకు మా వీధిలో ఒకావిడ నా వంక చాలా జాలిగా చూసింది. మేము వెళ్ళింది ఎప్పుడో మూతబడిన ఒక విమాన స్థావరం పక్కనున్న ఊరికి, ఒక పెళ్ళికి. ఆ ఊరి పేరు మాత్రం రాయను. కురుగోడు దాటాక వస్తుందని చెప్పి ఊరుకుంటాను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మావారు మూర్తిగారు వైమానిక దళంలో రేడియో మెకానిక్కుగా చేశారు. మా పెళ్ళయిన కొత్తలో ఆయనకు అక్కడికి బదిలీ అయింది. చిన్న స్థావరం. లోపల క్వార్టర్లు చాలక మాలాంటి కొత్త కాపురాల వాళ్ళు కంచె బయట ఊళ్ళో గదులు అద్దెకు తీసుకునేవాళ్ళం. మాకు గది ఇచ్చినావిడ హనుమక్క. గోదావరి పిల్లనైన నాకు జొన్నరొట్టె తట్టడం నేర్పింది ఆవిడే. స్థావరం మూసేసి మావారిని ఇంకో చోటికి పంపాక మేము మళ్ళీ అటు వెళ్ళలేదు కానీ, పండగ పండగకీ ఫోన్లో పలకరింపులు ఆగలేదు.

ఈ వేసవిలో ఆవిడే ఫోన్ చేసింది. "వరాలమ్మా, మా వీరేశు పెండ్లి. నువ్వూ మూర్తప్పా వచ్చి తీరాల" అంది. నా పేరు వరలక్ష్మి. నన్ను వరాలమ్మ అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే. వీరేశు ఆవిడ మనవడు. అక్కడ చూడటానికి ఏముందింకా అని మావారు విసుక్కున్నారు. సంచీ మాత్రం నాకంటే ముందు ఆయనే సర్దుకున్నారు.

బళ్ళారిలో నీలిరంగు

రైలు దిగేసరికి బాగా తెల్లవారింది. స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. మన వైపు మరమరాలంటే సాయంత్రం పిల్లల చేతుల్లో పోసే చిరుతిండి. ఇక్కడ వాటిని నీళ్ళలో తడిపి, గట్టిగా పిండి, తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి పొద్దున్నే టిఫిన్‌గా పెడతారు. ప్లేటు నలభై రూపాయలు. ఇడ్లీ కోసం చుట్టూ చూస్తున్న మావారు ఒక ప్లేటు పూర్తిచేసి, ఏమీ ఎరగనట్టు రెండోది తెప్పించుకున్నారు. కొట్టాయన మాతో తెలుగులోనూ, పక్క బల్ల వాళ్ళతో కన్నడంలోనూ, బజ్జీలు వేసే మనిషితో ఉర్దూలోనూ మాట్లాడుతున్నాడు. ఆ మూడింటి మధ్యా ఊపిరి తీసుకున్నట్టు కూడా కనిపించలేదు.

బళ్ళారి జీన్స్ ప్యాంట్లకు పేరు. కుట్టేవాళ్ళు, ఉతికి రంగు దించేవాళ్ళు, బొత్తాలు బిగించేవాళ్ళు, వీధులకు వీధులే ఉన్నారు. మావారు జీవితంలో ఎన్నడూ జీన్స్ వేసుకోలేదు. ఆ రోజు ఒక కొట్టు ముందు ఆగి, బేరమాడి, కొని, అక్కడే మార్చుకున్నారు. ఈ వయసులో ఎందుకండీ అంటే, అరవై దాటితే వేసుకోకూడదని సర్కారు జీవో ఏమైనా ఇచ్చిందా అన్నారు.

దాని ఫలితం బస్సులో బయటపడింది. మే నెల ఎండ, కిక్కిరిసిన బస్సు. కురుగోడు చేరేసరికి చెమటకు ప్యాంటు రంగు దిగి, ఆయన అరచేతులు, తెల్లచొక్కా అంచు, ఒళ్ళో పెట్టుకున్న నా చేతిసంచీ అన్నీ నీలంగా మారాయి. పక్క సీటులో కూర్చున్న పెద్దాయన చాలాసేపు ఓర్చుకుని, చివరికి నవ్వు ఆపుకోలేక, ఉతక్కముందు ఎవరన్నా వేసుకుంటారా సామీ అని అడిగాడు.

ఆ నవ్వుతో మాటలు కలిశాయి. మేము దిగబోయే ఊరి పేరు చెబితే, ఏరోప్లేన్ ఊరికా అన్నాడు. చుట్టుపక్కల ఇప్పటికీ ఆ ఊరికి అదే పేరట. యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు ఆ రన్‌వే వేస్తున్నప్పుడు ఆయన నాన్న అక్కడ కంకర మోశాడట. ఆ గుట్టల్లోంచి ఎడ్లబండ్ల మీద రాయి తోలారని, కిటికీలోంచి కురుగోడు కొండలు చూపించాడు. పెద్ద పెద్ద గుండ్లు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్నాయి. వాటి కింద దున్నిన నల్లరేగడి వానల కోసం ఎదురుచూస్తూ పడుకుంది.

హనుమక్క ఇల్లు

హనుమక్కకు ఎనభై దాటాయి. నడుం వంగింది. గొంతు మాత్రం అదే. మావారి కాళ్ళవైపు చూసి, "ఏంది మూర్తప్పా, బళ్ళారిలో నిన్ను రంగు తొట్లో ముంచినారా?" అంది. ఆ తరవాత నా చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

సాయంత్రం పెళ్ళి పనుల మధ్య కూర్చుని ఉండగా నేను బావి సంగతి ఎత్తాను. చదివేవాళ్ళకు ఆ బావి కథ ఇక్కడే చెప్పాలి.

ఇప్పుడు స్థావరం ఉన్న చోటే ఒకప్పుడు వీళ్ళ ఊరు ఉండేది. యుద్ధం వచ్చినప్పుడు విమానాలకు చదును నేల కావాలని ఆ ఊరిని ఖాళీ చేయించి రోడ్డు పక్కకు పంపేశారు. ఇళ్ళు చదును చేశారు. బావి ఒక్కటే మిగిల్చారు, కాంక్రీటు కలపడానికి నీళ్ళు కావాలి కాబట్టి. ఈ ఇంటికి వచ్చిన కొత్త కోడలు పెళ్ళి మర్నాడు పొద్దున ఆ బావి నుంచి మొదటి బిందె తెచ్చి, ఆ నీళ్ళతో వంట చేయాలి. అది అంతకు ముందు నుంచే ఉన్న ఆచారం. కంచె కట్టాక వచ్చిన మొదటి కోడలు హనుమక్క అత్త. సిపాయిలు ఆపితే ఆవిడ బిందె పక్కన పెట్టుకుని గేటు ముందు నేల మీద కూర్చుందట. మధ్యాహ్నానికి ఎవరో తెల్లదొర వచ్చి గేటు తీయించాడట. అప్పటినుంచి దొరలు మారినా, దేశం మారినా, ఆ రోజు గేటు తెరుచుకునేది. ఏ కాగితంలోనూ లేని రూలు అది. ఒక అధికారి వెళ్ళేటప్పుడు కొత్తగా వచ్చే అధికారికి నోటిమాటగా చెప్పి వెళ్ళేవాడు.

మేము ఉన్నప్పుడు అలాంటి కోడలిని నేను ఒకసారి చూశాను. ముందు జీపు మెల్లగా, వెనక డప్పులు, మధ్యలో పసుపుచీర పిల్ల. రన్‌వే పక్కన మావారి తోటివాళ్ళంతా పని ఆపి వరసగా నిలబడ్డారు.

తరవాత మూసివేత హుకుం వచ్చింది. విమానాలు దూరం ఎగరడం నేర్చాయి, మధ్యలో ఆగే ఇలాంటి చిన్న చోట్లతో పని లేదన్నారు. లారీల మీద స్తంభాలు, యంత్రాలు, మంచాలు అన్నీ వెళ్ళిపోయాయి. ఆఖరి రోజున రేడియో గది స్విచ్ ఆపింది మావారే. ఇంటికి వచ్చి, చెవుల్లో గుయ్‌మని మోగే శబ్దం ఆగిపోయిందే అన్నారు. అంతకు మించి ఆ రోజు గురించి ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

వాళ్ళు వెళ్ళాక రన్‌వే ఊరిదైంది. జొన్నలు ఆరబోసుకున్నారు, మిరపకాయలు ఎండబెట్టుకున్నారు, ఊళ్ళో మగపిల్లలంతా ట్రాక్టరు నేర్చుకుంది దాని మీదే. ఈ మధ్యే మళ్ళీ కొత్త కంచె లేచింది. తాళం, ప్రైవేటు కాపలా వచ్చాయి. సోలార్ పలకలు పెడతారని ఒకరు, ఫ్యాక్టరీ అని ఇంకొకరు అంటున్నారు. ఏదొచ్చినా మొదట బావి పూడ్చేస్తారన్నది మాత్రం ఖాయం.

"అయితే పెళ్ళయ్యాక ఎలా?" అని అడిగాను.

హనుమక్క తమలపాకుల ఈనెలు తీస్తూనే ఉంది. "కుళాయి ఉండాది కదమ్మా" అంది.

గేటు దగ్గర

మర్నాడు పొద్దున మావారు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటుకు బయలుదేరారు. నేనూ వెంట వెళ్ళాను. తాను ఈ స్థావరంలో పనిచేసిన మనిషినని, ఒక్క మాట చెబితే అయిపోతుందని ఆయన ధీమా.

కాపలా ఆయన పేరు ప్రధాన్. యాభై ఏళ్ళుంటాయి. బరంపురం వైపు మనిషి, అందుకని తెలుగు వచ్చు. మమ్మల్ని తన మంచం మీద కూర్చోబెట్టి, స్టవ్ వెలిగించి టీ పెట్టి ఇచ్చాడు. మావారు పనిచేసిన రేడియో గది ఎటువైపో చెబితే శ్రద్ధగా విన్నాడు. బావి మాట రాగానే తల అడ్డంగా ఊపాడు.

ఆయన కంటే ముందున్న కాపలావాడు ఒక జంటను లోపలికి వదిలాడట. పెళ్ళికి ముందు తీయించుకునే వీడియో కోసం. రన్‌వే మీద ఆ పిల్ల పొడుగు గౌనులో పరిగెత్తడం ఫోన్లలో జిల్లా అంతా చూసింది. వారం తిరక్కుండానే వాడి ఉద్యోగం పోయింది.

"మేకలోళ్ళు కంచె కంతలోంచి ఎల్తారు బాబూ, నేను సూసీ సూడనట్టు ఉంతాను" అన్నాడు ప్రధాన్. "పెళ్ళోరు వస్తే పది ఫోన్లు వస్తాయి. ఒక్క ఫొటో బయటికెల్తే నా పని అయిపోయినట్టే. నాకిద్దరు ఆడపిల్లలు. ఏటి సెయ్యమంటారు?"

పై వాళ్ళ నంబరు ఇమ్మని మావారు గట్టిగా అడిగారు. ఆయన ఇచ్చాడు కూడా. ఫోన్ తీసిన మనిషి, ఆ స్థలం తమది కాదని, కాపలా మాత్రమే తమదని, స్థలం సంగతి జిల్లా ఆఫీసులో అడగమని చెప్పాడు. జిల్లా ఆఫీసువాళ్ళు అది ఇంకా రక్షణశాఖ చేతిలోనే ఉందన్నారు. మొత్తానికి ఆ నేల ఎవరిదో ఎవరికీ తెలియదు, తాళం మాత్రం గట్టిగా ఉంది. తెరిచి ఉన్న రోజుల్లో తుపాకులున్న మనుషులు ఒక పిల్లకు దారిచ్చారు, మూసేశాక దారివ్వగల మనిషే లేకుండా పోయాడు. ఈ మాట మావారు ఇంటిదాకా నాలుగుసార్లు అన్నారు.

ఇంటికి వచ్చాక, ఆ ప్రధాన్‌తో మీరే మాట్లాడాలి హనుమక్కా అన్నారు. ఎందుకంటే పొద్దున మేము అక్కడ ఉండగానే ఈ ఇంటి నుంచి ఆయనకు రొట్టెల మూట వెళ్ళింది. కాపలా వచ్చిన నాటి నుంచి రోజూ వెళుతోందట.

ఆవిడ ఒప్పుకోలేదు. "వద్దప్పా. తినబెట్టి అడిగితే ఆ రొట్టెకు వెల కట్టినట్టయితాది. ఆయప్ప కాదనలేడు, తలుపు తీస్తాడు. రేపు ఆయప్ప పని పోతే మనకు ఆ నీళ్ళు గొంతు దిగుతాయా?"

పోనీ మేకల కంత ఉంది కదా, నాలుగు అడుగులు వంగి వెళితే పోలా అన్నాను నేను. హనుమక్క నా వైపు చూసిన చూపుకు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మా కోడలు మేక కాదు అని ఆ చూపు అర్థం. మావారు కూడా, నేను నా స్థావరంలోకి కంతలోంచి వెళ్ళను అన్నారు. ఇద్దరూ చెరో అరుగు మీద మూతి ముడుచుకు కూర్చున్నారు.

సిరిగేరి వైపు

ఆ మధ్యాహ్నం పెళ్ళికూతురికి చీర ఇచ్చి రావడానికి వీరేశు మమ్మల్ని సిరిగేరి వైపు తీసుకెళ్ళాడు. కాలువ దాటగానే దేశం మారిపోయింది. వరి కోసిన మళ్ళు, గడ్డివాములు, గట్ల మీద కొబ్బరిచెట్లు. తుంగభద్ర కాలువ వచ్చిన రోజుల్లో మన కోస్తా నుంచి వెళ్ళి భూములు కొనుక్కున్న రైతులు కట్టుకున్న ఊళ్ళు ఇవి. క్యాంపులంటారు. మొదట గుడారాలు వేసుకున్నారు కాబట్టి ఆ పేరు, ఇప్పుడు మేడలున్నా అదే పిలుపు. పెళ్ళికూతురి ఇంట్లో అడుగుపెడితే "రండి వదినగారూ, ఎండనపడి వచ్చారు, కూర్చోండి" అని మా జిల్లా మాట చెవిన పడి నాకు ఒక్క క్షణం ఎక్కడున్నానో తెలియలేదు. గోంగూర, ముద్దపప్పు, పనసపొట్టు కూర. మావారు ఆవురావురుమని తిన్నారు.

పెళ్ళికూతురు లావణ్య. బళ్ళారిలో జీన్స్ యూనిట్‌లో లెక్కలు చూస్తుంది. అక్కడే వీరేశుతో పరిచయం. ఈ సంబంధం అంత తేలిగ్గా కుదరలేదని నాకు అర్థమైంది. ఇక్కడివాళ్ళకు క్యాంపువాళ్ళంటే నిన్నమొన్న వచ్చి నీళ్ళున్న నేలంతా తీసుకున్నవాళ్ళు. క్యాంపువాళ్ళకు వీళ్ళంటే మెట్ట మనుషులు. రెండు తరాలుగా పక్కపక్కనే ఉంటూ పిల్లను ఇచ్చుకున్నది లేదు. హనుమక్క ఔనని చెప్పాకే ఈ పెళ్ళి కదిలిందట.

లావణ్య నన్ను పక్కకు పిలిచి బావి గురించి అడిగింది. కుళాయి నీళ్ళతో కానిచ్చేద్దామని వీరేశు చెప్పాడట. అవ్వ దాని గురించి అసలేమీ అనలేదట.

"అనదు" అన్నాను. "నీ మీద అలిగి కాదు. ఆ కాపలా ఆయన ఉద్యోగం పోతుందని భయపడి." జరిగినదంతా చెప్పాను.

విని కాసేపు గోళ్ళ రంగు గీరుకుంది. "అంటే ఆయన భయమంతా ఫోన్ల గురించే కదా అమ్మగారూ?" అంది. అవునన్నాను.

గంప

పెళ్ళి కురుగోడులో ఒక కల్యాణ మండపంలో జరిగింది. విందులో ఒక వరసకు హోళిగె, అంటే మన బొబ్బట్లు, ఇంకో వరసకు బూరెలు. ఏది ముందు వడ్డించాలో రెండు వైపుల వంటవాళ్ళకీ పేచీ వచ్చి, చివరికి రెండూ ఒకేసారి పడ్డాయి.

మర్నాడు పొద్దున హనుమక్క ఇంట్లో ఇరవై మందికి పైగా ఉన్నాం. ఆవిడే స్వయంగా ఇత్తడి బిందె తోమించి, పసుపు రాసి, కుళాయి కింద పెట్టింది. లావణ్య వచ్చి కుళాయి కట్టేసింది. వసారాలోంచి మిరపకాయల గంప తెచ్చి నడిమింట్లో పెట్టి, తన ఫోన్ అందులో వేసింది.

"నాతో వచ్చేటోళ్ళంతా ఫోన్లు దీంట్లో ఎయ్యాల" అంది. అచ్చం అవ్వ మాటతీరే. "ఎయ్యనోళ్ళు ఈడే ఉండండి."

మొదట అందరూ నవ్వారు. తరవాత ఆ పిల్ల నవ్వడం లేదని గమనించారు. వీరేశు వేశాడు. వాళ్ళ నాన్న వేశాడు. క్యాంపు నుంచి వచ్చిన మేనత్త కొడుకు ఒకడు, ఇంతా చేసి ఒక్క ఫొటో కూడా లేకపోతే ఎలా అని గొణిగాడు. లావణ్య వాడి ముందు గంప పట్టుకుని నిలబడింది. వాడూ వేశాడు. ఫొటోగ్రాఫరు కెమెరా దించి అరుగు మీద కూలబడ్డాడు. మావారు తన పాత బటన్ల ఫోన్, దీంట్లో కెమెరాయే లేదంటూనే, అందులో పెట్టారు.

డప్పు లేదు, మేళం లేదు. గేటు దగ్గరికి నడిచి వెళ్ళాం. ప్రధాన్ మమ్మల్ని చూసి మంచం మీద నుంచి లేచాడు. మొహం వాడిపోయింది. లావణ్య గంప ఆయన కాళ్ళ దగ్గర దించింది.

"అన్నా, మా అందరి ఫోన్లూ దీంట్లో ఉండాయి. మేము వచ్చేదాకా మీకాడే ఉంచుకోండి. అట్లయినా కుదరదంటే చెప్పండి, ఇట్నే తిరిగి పోతాం. అవ్వ ఏమీ అనుకోదు, రేపు కూడా రొట్టె వస్తాది."

ఆయన గంపలోకి చూశాడు, వెనక వంగిన నడుంతో నిలబడ్డ హనుమక్కను చూశాడు. హనుమక్క ఆయన వంక చూడకుండా ఎటో చూస్తోంది, తన చూపు కూడా అడిగినట్టవుతుందేమోనని. ప్రధాన్ బొడ్లోంచి తాళంచెవి తీశాడు.

పెళ్ళికూతురి వెంట ఎక్కువమంది వెళ్ళొద్దు, తొందరగా రండి అన్నాడు. అందరం వెళ్ళాం, మెల్లగా నడిచాం. ఆయన గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మేము చాలా దూరం వెళ్ళేదాకా వెనకనుంచి ఒకదాని తరవాత ఒకటి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

రన్‌వే పగుళ్ళలో గడ్డి మోకాళ్ళదాకా పెరిగింది. హనుమక్క ఒక పక్క లావణ్య భుజం, ఇంకో పక్క మావారి చేయి పట్టుకుని నడిచింది. రేడియో గదికి కప్పు లేదు, తలుపులు లేవు. మావారు దాని ముందు ఆగుతారనుకున్నాను. ఆగలేదు. హనుమక్క అడుగు తడబడకుండా చూసుకుంటూ దాన్ని దాటేశారు. ఆ మధ్యాహ్నం నేను అడిగితే, పెద్దావిడ చేయి వదిలి గోడలు చూస్తూ నిలబడతానా అన్నారు.

బావి గట్టు ఒక పక్క కూలింది. నీళ్ళు మాత్రం బాగా పైకి ఉన్నాయి. లావణ్య తాడు వేసి తోడింది. మొదటి చెంబు హనుమక్కకు ఇచ్చింది. ఆవిడ నోట్లో పోసుకుని, మింగకుండా కాసేపు ఉంచుకుంది. ఏదో తేడా వచ్చినట్టు ఆవిడ మొహం మారింది. నాకు భయం వేసింది.

"బాగలేవా అవ్వా?" అని అడిగింది లావణ్య.

"నేనొచ్చినప్పుడు ఈ నీళ్ళు ఉప్పగుండె" అంది హనుమక్క. "మా అత్తా అదే చెప్తాండె, ఈ ఇంటి ఉప్పు తాగినావు ఇంగ యాడికీ పోలేవని." ఇంకో గుక్క తాగింది. "ఇప్పుడు ఉప్పు లేదు. మీ కాలవ నీళ్ళు భూమిలో ఊరుకుంటా వచ్చి మా బాయిలో కలిసినాయమ్మా. తియ్యగుండాయి."

లావణ్య తాగింది. చెంబు నాకిచ్చింది. నేను తాగి మావారికిచ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు బిందె లావణ్య నడుం మీద ఉంది. గేటు దగ్గర ప్రధాన్‌కు ఒక చెంబు పోసింది. ఆయన నిలబడి తాగి, మూతి తుడుచుకుని, గంప అప్పగించి గేటు మూశాడు. ఈ గేటుకు, ఈ బావికి ఇక ముందు ఏమవుతుందో అని మావారు అక్కడే నిలబడి గొణుగుతున్నారు.

హనుమక్క ఆయన చేయి లాగింది. "రా మూర్తప్పా, ఎండెక్కతాంది. ఇంగ ఈడ ఏం కట్టుకుంటారో కట్టుకోనీ. మా కోడలు ఇంటికొచ్చింది."